బ్యాటరీ లేని రేడియో చేసుకోవడం ఎలా

ముందు ఏమీ కొనకు. బ్యాటరీలతో నడిచే పాత చిన్న రేడియో ఇంట్లోనో, తెలిసినవాళ్ల అటక మీదో ఉందేమో చూడు. దాన్ని ఏఎం వైపు పెట్టి, స్టేషన్ ఏదీ లేని చోట ముల్లు నిలిపి, సౌండ్ పెంచి ఫోన్ ఛార్జర్ దగ్గరికి తీసుకెళ్లు. గర్రుమని ఒకటే గోల. ఎల్‌ఈడీ బల్బు దగ్గర ఇంకో రకం గోల. తర్వాత స్టవ్ వెలిగించే లైటర్ తీసుకుని, గ్యాస్‌కి దూరంగా, రేడియో పక్కన ఒకసారి నొక్కు. నొక్కిన ప్రతిసారీ రేడియోలో టప్‌మంటుంది. మధ్యలో వైరేమీ లేదు కదా, మరి ఎలా వెళ్లింది? 1887లో హైన్రిచ్ హెర్ట్జ్ చేసిన ప్రయోగం మూలంలో ఇదే: ఒక చోట నిప్పురవ్వ పుట్టిస్తే, దూరంగా పెట్టిన తీగ చుట్టులోని సన్నటి సందులో కూడా చిన్న రవ్వ కనిపించింది.

ఈ చిన్న ఆట నీకు నచ్చితే మిగతాది చదువు. హైస్కూల్ వయసు వాళ్లని ఊహించుకుని రాస్తున్నా కాబట్టి నువ్వు అనే అంటున్నా, పెద్దవాళ్లెవరైనా చదువుతుంటే ఏమీ అనుకోకండి.

ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టాలంటే ఏం చేయాలని అడిగితే చాలామంది ముందు ఒక కిట్, ఒక ప్రోగ్రామింగ్ బోర్డు కొనమంటారు. అవి చెడ్డవని కాదు. కానీ బోర్డులో ఎల్‌ఈడీ వెలిగితే ఎందుకు వెలిగిందో తెలియదు, వెలగకపోతే ఎందుకు వెలగలేదో అసలే తెలియదు. మనం చేయబోయే బ్యాటరీ లేని రేడియోని క్రిస్టల్ రేడియో అంటారు. దాంట్లో ఉండేవి అయిదే వస్తువులు, ప్రతిదీ కంటికి కనిపిస్తుంది, ఒక్కోదాన్ని మార్చి ఏమవుతుందో చెవితో వినొచ్చు. బ్యాటరీ ఉండదు. వినిపించే శబ్దానికి కావాల్సిన శక్తి మొత్తం స్టేషన్ టవర్ నుంచి గాల్లో వచ్చిందే. నాకు ఇప్పటికీ ఆ మాట వింటే కొంచెం వింతగానే ఉంటుంది.

ఇది పనిచేస్తుందో లేదో ముందే తెలుసుకో

ఆ పాత రేడియో ఇంకా చేతిలోనే ఉందిగా, పగటిపూట మీడియం వేవ్ (ఆ ఏఎం వైపు ఉండేదే) మొత్తం ఒకసారి తిప్పి చూడు. దాదాపు 530 నుంచి 1600 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఒక్క స్టేషన్ అయినా గట్టిగా, శుభ్రంగా వస్తే నీ క్రిస్టల్ సెట్‌లో కూడా వస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. పగలు అన్నీ గుసగుసల్లా వస్తుంటే మాత్రం కష్టమే, పెద్ద ఏరియల్ (అలల్ని పట్టే పొడవాటి వైరు) కట్టి రాత్రిళ్లు ప్రయత్నించాలి. చాలా దేశాల్లో ఏఎం స్టేషన్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి, కాబట్టి ఈ పరీక్ష చేయకుండా సామాన్లు కొని తర్వాత బాధపడకు. ఎఫ్ఎం దీంట్లో రాదు. అది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, మాటని అలలో దాచే పద్ధతే వేరు.

కావాల్సినవి

ప్లాస్టిక్ పైపు ముక్కో గట్టి అట్ట గొట్టమో ఒకటి, 6 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్లు ఆపైన పొడవు. మోటార్లు వైండింగ్ చేసేవాళ్లు వాడే ఎనామిల్ పూత రాగి తీగ, అర మిల్లీమీటర్ మందం, ఒక 22 మీటర్లు. పాత రేడియోల్లో ట్యూనింగ్‌కి ఉండే గ్యాంగ్ కండెన్సర్ (తిప్పితే విలువ మారే కెపాసిటర్, ఇకపై గ్యాంగ్ అనే అంటా). జెర్మేనియం డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చే చిన్న భాగం) ఒకటి, 1ఎన్34ఏ గానీ ఓఏ79 గానీ. 47 కిలోఓమ్‌ల రెసిస్టర్, దాని మీద పట్టీలు పసుపు, ఊదా, నారింజ వరుసలో ఉంటాయి. క్రిస్టల్ ఇయర్‌ఫోన్. ఏరియల్‌కి పదిహేను మీటర్ల మామూలు వైరు, ఎర్త్‌కి, అంటే సర్క్యూట్‌ని భూమికి కలపడానికి, ఇంకొంత.

వీటిలో ఎక్కువమందిని మోసం చేసేది ఇయర్‌ఫోన్. నీ ఫోన్‌తో వచ్చినవి 16 నుంచి 32 ఓమ్‌లు ఉంటాయి, అవి మన సర్క్యూట్‌కి అడ్డంగా పెట్టిన రాయి లాంటివి, ఉన్న కాస్త సిగ్నల్‌నీ మింగేస్తాయి. కావాల్సింది పీజో రకం (వోల్టేజీకి వంగే స్ఫటికం ఉండేది, క్రిస్టల్ ఇయర్‌ఫోన్ అంటే ఇదే), కొన్ని వేల ఓమ్‌ల పైమాటే. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే 8 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు కూడా ఉంటాయి కాబట్టి మల్టీమీటర్ పెట్టి చూసుకో: ఏదో చిన్న అంకె చూపిస్తే అది మనది కాదు, తెగిపోయిన వైరులా ఏమీ చూపించకపోతే అదే మనది. మీటర్ లేకపోతే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని దాని రెండు వైర్లనీ 1.5 వోల్టుల సెల్‌కి తాకించు, టిక్‌మంటే బతికే ఉంది.

కాయిల్ చుట్టడం

ఇది నిదానంగా చేయాల్సిన పని, హడావుడి పడితే మొత్తం మళ్లీ చుట్టాలి. గొట్టానికి ఒక చివర, అంచు నుంచి సెంటీమీటరున్నర లోపలికి, పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలు చెయ్యి. తీగని ఒక దాంట్లో దూర్చి రెండో దాంట్లోంచి బయటికి లాగి, ఒక జానెడు వదులుగా వదిలెయ్. తీగ రెండో కొసని తలుపు పిడికి కట్టేసి, తీగ బిగువుగా ఉండేంత దూరం వెనక్కి నడువు. ఇప్పుడు గొట్టాన్ని రెండు చేతుల్తో తిప్పుకుంటూ తలుపు వైపు ఒక్కో అడుగే వెయ్యి. తీగ తనంతట తానే బిగువుగా, చుట్టు పక్కన చుట్టు ఒరుసుకుంటూ పడుతుంది. గొట్టాన్ని కదలకుండా పెట్టి తీగని దాని చుట్టూ తిప్పేవాళ్లుంటారు, వాళ్ల తీగ ముప్పయ్యో చుట్టుకే మెలికలు పడిపోతుంది.

ప్రతి పది చుట్లకీ ఆగు. తీగని రెండు సెంటీమీటర్ల ఉచ్చులా పైకి లాగి, నాలుగు మెలికలు తిప్పి, గొట్టం మీద బొడిపెలా నిలబడనియ్. దీన్ని ట్యాప్ అంటారు. ఆగిన ప్రతిసారీ చుట్ల మీద ఒక టేపు ముక్క అంటించు, ఎందుకంటే ఎవరో పిలిచారని చెయ్యి వదిలావంటే అరవై చుట్లు స్ప్రింగులా లేచి ఒళ్లో పడతాయి. అలా వంద చుట్లు. చివర మళ్లీ రెండు రంధ్రాలు, మళ్లీ జానెడు తోక.

వందే ఎందుకంటావా? కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం, కొలత హెన్రీల్లో), గ్యాంగ్ కెపాసిటెన్స్ (ఛార్జ్‌ని నిలవ ఉంచే గుణం, కొలత ఫారడ్‌లలో) కలిసి ఏ ఫ్రీక్వెన్సీకి స్పందించాలో తేలుస్తాయి. పాత పెద్ద గ్యాంగులు 365 పికోఫారడ్‌ల దాకా వెళ్తాయి, దానికి దాదాపు 240 మైక్రోహెన్రీలు చాలు, అంటే ఈ గొట్టం మీద 65, 70 చుట్లు. పాకెట్ రేడియోల్లోని చిన్న ప్లాస్టిక్ గ్యాంగులో రెండు భాగాలూ కలిపితే మామూలుగా 200 దగ్గర ఆగుతుంది, అందుకు 450 మైక్రోహెన్రీలు, అంటే వంద పైచిలుకు చుట్లు కావాలి. నీకు ఏది దొరుకుతుందో తెలియదు కాబట్టి వంద చుట్టి ట్యాపులు పెట్టుకుంటే దేనికైనా సరిపోతుంది.

గ్యాంగే దొరకలేదా, పర్లేదు. వంటింటి అల్యూమినియం రేకు రెండు ముక్కలు, ఒక్కోటి 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 పొడవు, మధ్యలో ఒక మిల్లీమీటర్ మందం అట్ట. పూర్తిగా ఒకదాని మీద ఒకటి ఉంటే దాదాపు 400 పికోఫారడ్‌లు వస్తుంది, పై రేకుని పక్కకి జరుపుకుంటూ పోతే తగ్గుతుంది. చూడ్డానికి ఏమంత బాగోదు, చెయ్యి దగ్గరికొస్తే ట్యూనింగ్ మారిపోతుంది, అయినా పనిచేస్తుంది.

పూత గీకడం గురించి ఒక పేరా

ఎనామిల్ తీగ రాగి రంగులో మెరుస్తూ ఉంటుంది కాబట్టి అది ఉత్త రాగి అనిపిస్తుంది. కాదు, దాని మీద కనీకనిపించని వార్నిష్ పొర ఉంది, అది కరెంటుని పోనివ్వదు. నా మొదటి సెట్ రెండు సాయంత్రాలు పలకలేదు. డయోడ్ మార్చాను, ఏరియల్ ఇంకో చోట కట్టాను, చివరికి ఇయర్‌ఫోన్ అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. మూడో రోజు కాయిల్ కొసని వెలుతురులో పెట్టి చూస్తే ఒక వైపు లేత గులాబీ రంగు, రెండో వైపు ముదురు ఎరుపు. ఒకే వైపు గీకాను, తగిలించిన వైరేమో గీకని వైపుకి ఆనుకుని ఉంది. అందుకని గరుకు కాగితాన్ని మడిచి మధ్యలో తీగ పెట్టి, వేళ్లతో నొక్కి పట్టి, తిప్పుతూ లాగు. కొసలతో పాటు ప్రతి ట్యాప్ బొడిపె కూడా గీకాలి. చుట్టూరా ఒకటే గులాబీ రంగు వచ్చేదాకా వదలకు.

కలపడం

కాయిల్ మొదటి కొసని ఎర్త్ కొస అనుకుందాం, రెండోది పై కొస. గ్యాంగ్‌ని ఈ రెండింటి మధ్య కలుపు. చిన్న ప్లాస్టిక్ గ్యాంగ్‌కి మూడు కాళ్లుంటే మధ్య కాలు ఎర్త్ కొసకి, పక్క కాళ్లు రెండూ కలిపి పై కొసకి. పై కొస నుంచి డయోడ్, డయోడ్ రెండో కాలు నుంచి ఇయర్‌ఫోన్ ఒక వైరు, ఇయర్‌ఫోన్ రెండో వైరు ఎర్త్ కొసకి. ఇయర్‌ఫోన్ రెండు వైర్ల మధ్య అడ్డంగా ఆ 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ (పీజో ఇయర్‌ఫోన్ గుండా డీసీ, అంటే ఒకే వైపు పారే కరెంటు, పోదు, దానికి ఒక దారి కావాలి, అందుకు). ఏరియల్ పై కొసకి, ఎర్త్ వైరు ఎర్త్ కొసకి. అంతే. డయోడ్ ఎటు తిప్పి పెట్టినా ఒకటే, ఆ టెన్షన్ వద్దు.

మొదటిసారి సోల్డరింగ్ జోలికి పోకు, మొసలి క్లిప్పులతోనో స్క్రూ కనెక్టర్‌తోనో కలిపి చూడు. అన్నీ కుదిరాక సోల్డర్ చేస్తే సరి. అప్పుడు కూడా డయోడ్ కాలుని చిన్న పటకారుతో పట్టుకుని, రెండు మూడు సెకన్లలో తెమిలించు, జెర్మేనియం వేడికి తట్టుకోలేదు.

ఏరియల్, ఎర్త్: ఇక్కడ మాత్రం జాగ్రత్త

రేడియో బలం సగం ఏరియల్‌లోనే ఉంది. పదిహేను మీటర్ల వైరు, వీలైనంత ఎత్తులో, రెండు కొసల్లో ప్లాస్టిక్ తాడుతో కట్టి. కరెంటు తీగల మీదుగా గానీ, కింద నుంచి గానీ, అది తెగితే వాటి మీద పడేంత దూరంలో గానీ కట్టకూడదు, వైరు పైకి విసరడం అసలే వద్దు. పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండగా కట్టు. ఉరుము వినిపిస్తే ఆడటం ఆపెయ్. వర్షాకాలంలో అయితే వాడనప్పుడు ఏరియల్ సెట్‌కి తగిలించి ఉంచకు.

ఎర్త్‌కి తడి మట్టిలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీ బాగుంటుంది, లేదా భూమిలోకి వెళ్లే లోహపు నీళ్ల పైపు. గోడ సాకెట్‌లో ఉన్న ఎర్త్ రంధ్రంలోకి వైరు దూర్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఒక రంధ్రం తప్పితే ప్రాణం పోతుంది. ఈ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా: విడిభాగాల కోసం పాత వస్తువులు విప్పేటప్పుడు బ్యాటరీ రేడియోలూ బొమ్మలూ అయితే హాయిగా విప్పుకో, మైక్రోవేవ్ ఓవెన్, పెద్ద గాజు తెర టీవీ మాత్రం ముట్టుకోకు. ప్లగ్ తీసేసినా వాటిలో వేల వోల్టులు నిలవ ఉండొచ్చు.

వినడం

ఫ్యాన్ ఆపి, తలుపు వేసుకో. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి, రెండో చెవి మూసి, గ్యాంగ్‌ని గడియారంలో నిమిషాల ముల్లంత మెల్లగా తిప్పు. మొదట ఏమీ ఉండదు. తర్వాత దూరంగా ఎవరో గోడ అవతల మాట్లాడుతున్నట్టు ఒకటి వస్తుంది, ఆ చోటు దాటిపోతే వెనక్కి రా.

ఏం జరుగుతోందంటే, సగం నిండిన బకెట్ పట్టుకుని నడుస్తుంటే ఒకానొక వేగంలో నీళ్లు అటూ ఇటూ ఊగి ఒలికిపోతాయి చూశావా, కాస్త తొందరగా నడిచినా మెల్లగా నడిచినా అంతలా ఊగవు. కాయిల్, గ్యాంగ్ కలిసి ఆ బకెట్. అన్ని స్టేషన్ల అలలూ వైరు మీద పడుతూనే ఉంటాయి, నడక వేగం కలిసిన దానికే కరెంటు పెద్దగా ఊగుతుంది. గ్యాంగ్ తిప్పడమంటే బకెట్ సైజు మార్చడమే. కానీ ఆ ఊపు సెకనుకి పది లక్షల సార్లు, ప్లస్ వైపు ఎంతో మైనస్ వైపూ అంతే, చెవికి సగటున సున్నా. డయోడ్ ఒక వైపు సగాన్ని కోసేస్తే మిగిలిన సగం ఎత్తుపల్లాలే మాట, పాట.

పలకకపోతే

ఎక్కువసార్లు పలకదు, ముందే చెప్తున్నా. లైటర్ తీసుకో. ఏరియల్ వైరు దగ్గర నొక్కు. ఇయర్‌ఫోన్‌లో చిన్న టిక్ వస్తే డయోడ్ నుంచి చెవి దాకా దారి బాగానే ఉన్నట్టు, తప్పు ట్యూనింగ్‌లోనో ఏరియల్‌లోనో ఉంది. టిక్ రాకపోతే ఇయర్‌ఫోన్‌ని మళ్లీ సెల్‌తో పరీక్షించు, తర్వాత గీకిన చోట్లన్నీ చూడు, తర్వాత ఒక ట్యాప్ బొడిపె పక్క బొడిపెకి తగులుతోందేమో చూడు. ఎర్త్ ఊడిపోయిందేమో కూడా చూడు, ఇది నవ్వొచ్చేంత మామూలుగా జరుగుతుంది. ఒకసారికి ఒకటే మార్చు. మూడు మార్చి పలికిందనుకో, ఏది బాగు చేసిందో నీకు ఎప్పటికీ తెలియదు.

రెండు స్టేషన్లు కలిసి వస్తుంటే అది తప్పు కాదు, ఏరియల్ బకెట్‌ని గట్టిగా పట్టేసుకుంది. ఏరియల్‌ని పై కొస నుంచి తీసి ఎర్త్ వైపు నుంచి ఇరవయ్యో చుట్టు ట్యాప్‌కి తగిలించు. శబ్దం కొంచెం తగ్గుతుంది, స్టేషన్లు విడిపోతాయి. డయోడ్‌ని కూడా అలాగే కిందికి దింపి చూడొచ్చు. ఎంత శబ్దం వదులుకుంటే ఎంత స్పష్టత వస్తుందన్నది నీ చెవే చెప్పాలి, నేను చెప్పలేను.

ఇక అసలు ఆట

పలికిన రోజు నుంచే ఒక నోటుబుక్ పెట్టు. తేదీ, టైము, గ్యాంగ్ ఎక్కడుంది, ఏరియల్ ఏ ట్యాప్ మీద, ఏం వినిపించింది. నాలుగు తెలిసిన స్టేషన్లు దొరికితే గ్యాంగ్ స్థానానికీ ఫ్రీక్వెన్సీకీ గ్రాఫ్ గీయి, తెలియని స్టేషన్ వచ్చినప్పుడు దాని ఫ్రీక్వెన్సీ గ్రాఫే చెప్తుంది.

చెవిని నమ్మకుండా కొలవాలనిపిస్తే ఇయర్‌ఫోన్ తీసేసి, రెసిస్టర్ రెండు కొసల మీద డిజిటల్ మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టు. ఆ అంకె స్టేషన్ బలం. ఏరియల్ అయిదు మీటర్లు, పది, పదిహేను చేసి రాసుకో. రాత్రి ఎనిమిదికి మళ్లీ కొలువు. పగటిపూట ఎండ వల్ల వాతావరణం పైభాగంలో ఏర్పడే డి పొర మీడియం వేవ్‌ని పీల్చేస్తుంది, చీకటి పడ్డాక అది కరిగిపోతే ఇంకా పైనున్న పొరలకి తగిలి అలలు వందల కిలోమీటర్లు దాటి దిగుతాయి. అప్పుడు స్టేషన్లు ఎక్కువ, కలగాపులగం కూడా ఎక్కువ.

డయోడ్ మార్చి చూడు. మామూలు సిలికాన్ డయోడ్, 1ఎన్4148 లాంటిది, పెడితే బలమైన స్టేషన్ నీరసంగా వస్తుంది, బలహీనమైనది మాయమైపోతుంది. సిలికాన్ తెరుచుకోవడానికి దాదాపు 0.6 వోల్టులు కావాలి, జెర్మేనియానికి 0.2, 0.3 చాలు. పుస్తకంలో ఒక వాక్యంగా చదివి మర్చిపోయే ఈ సంగతి ఒకసారి చెవిలో విన్నాక మర్చిపోవు.

శబ్దం గది అంతా వినపడాలంటే ఎల్‌ఎం386 అనే చిన్న ఐసీ, 9 వోల్టుల బ్యాటరీ, 8 ఓమ్‌ల స్పీకర్ పెట్టుకోవచ్చు, అది ఊరికే 20 రెట్లు పెంచుతుంది, 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు. కానీ ప్రసారం చేసే సర్క్యూట్ల వైపు మాత్రం అప్పుడే పోకు. వినడం వేరు, గాల్లోకి పంపడం వేరు, దానికి పరీక్ష రాసి హ్యామ్ (అంటే అభిరుచి కోసం రేడియో నడిపేవాళ్ల) లైసెన్స్ తెచ్చుకోవాలి, ఈ నోటుబుక్ పట్టుకుని రాస్తే ఆ పరీక్ష ఏమంత కష్టం కాదు.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం డయోడ్ అసలు లేకుండా చేయడం. ఫ్యాక్టరీలో డయోడ్లు రాకముందు గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క మీద సన్నటి తీగ కొసని ఆనించి వినేవాళ్లు. గెలీనా స్పర్శతో అలల్ని పట్టే పద్ధతికి జగదీశ్ చంద్రబోస్‌కి 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు గోతుల్లో కూర్చుని గెలీనా కూడా లేకుండా బ్లేడు, పెన్సిల్ ముక్కతో కానిచ్చారు. నువ్వూ చేయొచ్చు. పాత గెడ్డం బ్లేడుని పటకారుతో పట్టుకుని, పెద్దవాళ్ల ఎదురుగా, మంట మీద నీలం రంగు వచ్చేదాకా కాల్చి చల్లారనిచ్చి చెక్కకి బిగించు. పిన్నీసుని విప్పి దాని మొనకి పెన్సిల్ గ్రాఫైట్ చిన్న ముక్క కట్టి, ఆ గ్రాఫైట్ బ్లేడుని తాకీ తాకనట్టు ఉండేలా నిలబెట్టు. డయోడ్ ఉన్న చోట ఇవి రెండూ. ముందు డయోడ్‌తో స్టేషన్ పట్టుకుని, గ్యాంగ్ కదపకుండా డయోడ్ తీసి ఇది పెట్టు, లేకపోతే రెండు చోట్ల వెతుక్కోవాలి. మొనని బ్లేడు మీద వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పో, వందచోట్ల ఏమీ ఉండదు, ఒక నీలం మచ్చ అంచున హఠాత్తుగా గొంతు వస్తుంది. వచ్చాక చెయ్యి మెల్లగా తీయాలి, బల్లకి మోకాలు తగిలితే చాలు, మళ్లీ మొదటికే.